చదువు ముగిసిన పిదప: వృత్తి నిర్ణయము, మార్గదర్శనము

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి నెల వచ్చుసరికి మా తెలుగు శాఖ గుమ్మము వద్ద ఒక విద్యార్థి నిలబడుట మాకు అలవాటైన దృశ్యము. పేరు మారును, ముఖము మారును, నిలబడు తీరు మాత్రము మారదు. చేతిలో పుస్తకముండదు. లోపల మరెవ్వరైన ఉపన్యాసకులున్నారేమో అని తొంగి చూచి, "సార్, ఒక్క నిమిషం" అనును. ఆ నిమిషములో అడుగదలచినది ఒక జీవితమునకు సంబంధించిన ప్రశ్న. "డిగ్రీ అయిపోతోంది సార్, తర్వాత ఏం చేయమంటారు?" ఉర్దూ మాధ్యమము నుండి వచ్చిన పిల్లలైనచో, తెలుగు లెక్చరరుతో తెలుగులోనే మాట్లాడవలెనన్న మర్యాదను ఒక క్షణము మరచి, "క్యా కర్నా కి సమఝ్ మే నై ఆరా సార్" అని ఇంటి మాటలో చెప్పుదురు. ఆ మాటలో కల్తీ లేదు. తెలియకపోవుట నిజముగా తెలియకపోవుటయే.

ఇట్టి ప్రశ్నలకు మేము చాలకాలము గుమ్మము దగ్గరనే సమాధానము లిచ్చుచు వచ్చితిమి. అది ఎంత పొరపాటో ఒక విద్యార్థి వలన మాకు తెలిసినది. అతడు బి.ఎస్సి. భౌతికశాస్త్ర విద్యార్థి. తెలుగు రెండవ భాషగా మా దగ్గర చదివినాడు. ఛందస్సు అతనికి ఎన్నడును పట్టుబడలేదు గాని, కళాశాల వార్షికోత్సవము నాడు ముఖ్య అతిథి మాట్లాడుచుండగా మైకు మూగపోయినప్పుడు వేదిక వెనుకకు దూరి, పది నిమిషములలో దానిని పలికించిన వాడతడే. ఆ దృశ్యమును మేము కన్నులార చూచితిమి. తరువాత రెండు నెలలకు అతడు మా గుమ్మములో నిలిచి "బి.ఇడి. చేయమంటారా సార్?" అని అడిగినాడు. "మంచిదే, చేయి" అన్నాము. ఉపాధ్యాయ వృత్తి మేమెరిగిన వృత్తి గనుక అది మంచిదని తోచినది. అతనిని ఒక్క ప్రశ్నయు అడుగలేదు.

2015 నుండి బి.ఇడి. రెండు సంవత్సరముల చదువైనది. ఆ రెండేండ్లు చదివి, ఆ పిదప డి.ఎస్.సి. ప్రకటన కొరకు ఎదురుచూచి, ఎదురుచూచి, తుదకు అతడు ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్ము దుకాణములో పనికి కుదిరినాడు. కొద్ది నెలలలోనే ఆ దుకాణమునకు అతడే ప్రాణమైనాడు. ఒకనాడు మా ఇంట ఇన్వర్టరు బాగుచేయుటకు వచ్చి, పని ముగిసిన తరువాత టీ త్రాగుచు, "ఈ పనే ముందు నేర్చుకుని ఉంటే బాగుండేది సార్" అని నవ్వుచు అన్నాడు. అతని మాటలో నిష్ఠూరము లేదు. అతని అబ్బా ఆ రెండేండ్ల ఫీజు కొరకు చేసిన అప్పు సంగతి మాత్రము మేము తరువాత ఇతరుల వలన విన్నాము. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ టీ గ్లాసు.

మా సంగతియు కొంత చెప్పవలెను. మా అబ్బా దర్జీ. ఆయన కుమారుడు తెలుగు ఎం.ఏ. చదువుటను మా బంధువులలో కొందరు వింతగా చూచినారు. "ఉర్దూ పెట్టుకుని తెలుగేమిటి?" అని ఇటువారును, "మీరు తెలుగా?" అని అటువారును అడుగుచుండిరి. ఎం.ఏ. చేతికి వచ్చిన పిదప రెండు సంవత్సరములు మేము చేయని దరఖాస్తు లేదు. బ్యాంకు, తపాలా శాఖ, గ్రూపు పరీక్షలు, చివరకు అటవీ శాఖ కూడ. ఒక్కదానికి నిలుకడగా చదువలేదు. ఒకనాడు జిల్లా ఉపాధి కార్యాలయమునకు కార్డు రెన్యువలు కొరకు వెళ్ళినప్పుడు, అక్కడ ఒక పెద్దమనిషి రద్దీ లేని వేళ చూచి మమ్ము కూర్చుండబెట్టి, గడచిన వారము ఏ రోజున ఏమి చేసినదియు వరుసగా చెప్పుమన్నారు. చెప్పితిమి. "సాయంత్రం ఆరు నుండి ఎనిమిది?" అని ఆయన అడిగినారు. ఆ వేళ మా వీధిలోని పదవ తరగతి పిల్లలకు మేము చదువు చెప్పుచుండెడివారము. దానిని పనిగా మేమెన్నడును లెక్కింపలేదు. ఏ దరఖాస్తులోను వ్రాయలేదు. ఆయన దానిని ఒక కాగితముపై వ్రాసి, దాని క్రింద గీత గీసి మా చేతికిచ్చినారు. అంతకంటె ఏ సలహాయు చెప్పలేదు. ఆ సంవత్సరమే దరఖాస్తులన్నిటిని ప్రక్కనబెట్టి యు.జి.సి. అర్హత పరీక్షకు కూర్చుంటిమి. మూడవ ప్రయత్నమున నెగ్గితిమి.

ఇక విషయమునకు వత్తము. మొదట ఒక అపోహను తొలగింపవలెను. "కౌన్సెలింగ్" అనగానే మన ప్రాంతపు విద్యార్థికి మనసులో మెదలునది వేరు. ప్రవేశ పరీక్ష ర్యాంకు, ధ్రువపత్రముల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు: ఇది అతనికి తెలిసిన కౌన్సెలింగ్. అందులో సీటు ఎక్కడనో చెప్పుదురు గాని, ఆ సీటు మనకు తగునా అని ఎవ్వరును అడుగరు. మనము చెప్పుకొను వృత్తి మార్గదర్శనము దీనికి ముందు జరుగవలసినది. ఈ రెంటికి ఒకే మాట వాడుకలోనికి వచ్చుట వలన మొదటిది ఉన్నదన్న సంగతియే పలువురకు తెలియకుండ పోయినది.

రెండవ అపోహ, నిర్ణయము తెలియకపోవుట అసమర్థత అనునది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ సూపర్ వృత్తి జీవితమును ఐదు దశలుగా విభజించినాడు. అందులో సుమారు 15వ ఏట మొదలై 24వ ఏటి వరకు సాగు దశకు ఆయన పెట్టిన పేరు అన్వేషణ. అనగా మన డిగ్రీ విద్యార్థి వయస్సునకు వెదకుటయే పని. ఇరువది యొకటవ ఏట తోవ తోచలేదని సిగ్గుపడు విద్యార్థి, తన వయస్సునకు తగిన పనినే చేయుచు, దానిని దోషమని భావించుచున్నాడు. అయితే వెదకుట వేరు, చీకటిలో తడవుకొనుట వేరు. వెదకుటకు ఒక పద్ధతి కలదు.

ఆ పద్ధతికి ఆద్యుడు ఫ్రాంక్ పార్సన్స్. ఇతడు 1908లో బోస్టన్ నగరమున పనివారి పిల్లల కొరకును, వలస వచ్చిన యువకుల కొరకును ఒక వృత్తి సలహా కేంద్రమును నెలకొల్పినాడు. అదే సంవత్సరమున మరణించినాడు. వృత్తిని ఎన్నుకొనుటను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము మరుసటి యేడు, 1909లో, వెలువడినది. ఆయన చెప్పిన దానిలో సారము మూడు అంశములు. ఒకటి, తన్ను తాను తెలిసికొనుట. రెండు, పనులను తెలిసికొనుట: వాని అర్హతలు, లాభనష్టములు, జీతము, ఎదుగుదల. మూడు, ఈ రెంటికి గల పొందికను నిదానముగా ఆలోచించుట. నూరేండ్లు దాటినను, ఆ తరువాత ఎన్ని సిద్ధాంతములు వచ్చినను, మంచి మార్గదర్శకుడు నేటికిని ఈ మూడు మెట్ల మీదనే నడచుచున్నాడు. మా గుమ్మము సలహాలో ఈ మూడింటిలో ఒక్కటియు లేదని పాఠకులు గమనించియే యుందురు.

మొదటి మెట్టు మన పిల్లలకు కష్టమైనది. "నీకేది ఇష్టము?" అని అడిగినచో మౌనమే సమాధానము. ఆ ప్రశ్న వారిని ఇంతకు ముందు ఎవ్వరును అడిగి యుండరు. పైగా ఇష్టము వేరు, శక్తి వేరు. మాకు పాట పాడుట మిక్కిలి ఇష్టము; మా సహోపన్యాసకులు మాత్రము దయయుంచి ఆపుమని కోరుచుందురు. అందుచేత మార్గదర్శకులు వీనిని వేరువేరుగా పరీక్షింతురు. అభిరుచిని కొలుచు ప్రశ్నావళి ఒకటి. దానికి మార్గము వేసినవాడు ఎడ్వర్డ్ స్ట్రాంగ్, 1927లో. సహజ సామర్థ్యమును కొలుచు పరీక్షలు మరికొన్ని: మాటలతో తర్కించుట, అంకెలతో తర్కించుట, ఆకారములను మనసులో త్రిప్పి చూచుట, యంత్రముల నడక గ్రహించుట, వివరములను తప్పు లేకుండ సరిచూచుట. ఆ తరువాతివాడు జాన్ హాలండ్. మనుష్యుల మొగ్గును, పనుల స్వభావమును ఆయన ఒకే ఆరు తరగతులుగా చెప్పినాడు. వస్తువులతోను పనిముట్లతోను పనిచేయుట, శోధించుట, కళ, మనుష్యులకు బోధించుట లేక సేవ చేయుట, నలుగురిని నడిపి వ్యాపారము సాగించుట, లెక్కపత్రములను క్రమములో నుంచుట అనునవి ఆ ఆరు. ఎవ్వరును ఒక్క తరగతికే చెందరు. సాధారణముగా రెండు మూడు కలిసి యుండును. మైకు బాగుచేసిన మా విద్యార్థి మొదటి తరగతి వాడని చెప్పుటకు ఏ ప్రశ్నావళియు అక్కరలేదు. చూచిన మాకు బుద్ధి యుండవలెను.

ఈ పరీక్షలలో తప్పుట, నెగ్గుట అనునవి లేవు. ఈ మాట మరల మరల చెప్పవలసి వచ్చుచున్నది, ఏలయనగా మన విద్యార్థికి పరీక్ష అనగానే మార్కులే. గొప్ప కనబడు సమాధానమును ఊహించి గుర్తుపెట్టినచో ఫలితము మరియొకరి ఫలితమగును.

ఇక్కడ మన వంటి కళాశాలల వారు తప్పక తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. ఈ పరీక్షలలో చాల భాగము ఆంగ్లములో తయారైనవి, నగరముల విద్యార్థులపై ప్రామాణీకరింపబడినవి. ఉర్దూ మాధ్యమములోనో తెలుగు మాధ్యమములోనో చదివిన పిల్లవాడు ఆంగ్లములో నున్న మాటల తర్క పరీక్షకు కూర్చున్నచో, అది అతని తర్కమును కొలుచుట లేదు, అతని ఆంగ్లమును కొలుచుచున్నది. అంకెల పరీక్షలోను, ఆకారముల పరీక్షలోను మంచి ఫలితము వచ్చి మాటల పరీక్షలో మాత్రము దిగువన నున్నచో, ఆ తేడా ఎందువలన వచ్చినదో మార్గదర్శకుడు విడమరచి చెప్పవలెను. చెప్పనివానిని మనము అడుగవలెను. ప్రశ్నను మాతృభాషలో వివరింపుమని కోరుట తప్పు కాదు. ఒక కాగితము మీది అంకెను చూచి "నాకు తెలివి లేదు" అని ఇంటికి మరలిన పిల్లలు మనలో ఎందరో ఉందురు. ఆ కాగితము లేకపోయినచో వారు ఆ మాట అనుకొనియుండరు.

రెండవ మెట్టు పనులను తెలిసికొనుట. మన పిల్లలకు తెలిసిన పనులు పదికి మించవు: టీచరు, డాక్టరు, ఇంజనీరు, పోలీసు, బ్యాంకు, సాఫ్ట్‌వేరు, గల్ఫు, దుకాణము, మెకానిక్కు షెడ్డు, ఆటో. ఇందులోను సాఫ్ట్‌వేరు అనగా అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు, హాస్టలు గది అని తెలియును గాని, ఆ తరువాత కూర్చుండి చేయవలసిన పని ఏమిటో తెలియదు. మెడికల్ కోడింగు అను పని ఈ మధ్య జీవశాస్త్ర విద్యార్థుల నోట వినబడుచున్నది. అందులో చేరదలచిన ఒక అమ్మాయిని, ఆ పనిలో రోజంతయు ఏమి చేయుదురని అడిగినాము. "కంప్యూటర్ సార్" అన్నది. వైద్యుడు వ్రాసిన చికిత్సా పత్రమును ఆంగ్లములో చదివి, వ్యాధికిని చికిత్సకును నిర్ణీతమైన సంకేత సంఖ్యను కేటాయించుట ఆ పని. శరీర నిర్మాణ శాస్త్రము వచ్చియుండవలెను, గంటల తరబడి అక్షరముపై చూపు నిలుపవలెను. అది కొందరికి హాయి, కొందరికి శిక్ష.

కనుక ఏ పనిని గూర్చియైనను, ఆ పనిలో నున్నవారిని ముగ్గురిని కలిసికొనుమని చెప్పుచున్నాము. ఒకరు క్రొత్తగా చేరినవారు, ఒకరు పదేండ్లుగా ఉన్నవారు, ఒకరు విడిచిపెట్టి వచ్చినవారు. ఈ మూడవవారిని వెదకి పట్టుకొనుట కష్టము, కాని ఎక్కువ తెలియునది ఆయన వలననే. మొదటి సంవత్సరపు జీతమెంత, మీతో చేరిన వారిలో ఇంకను ఎందరున్నారు, నమాజుకు, తిండికి, ఇంటికి ఎంత వేళ దొరకును, చేరుటకు మొత్తము ఖర్చెంతైనది, ఎవరి చేతికిచ్చినారు అని అడుగవలెను. గల్ఫు మాట వచ్చినప్పుడు చివరి ప్రశ్న మరీ ముఖ్యము. 1983 నాటి వలస చట్టము విదేశీ కొలువులకు మనుష్యులను పంపు ఏజెంటు ప్రభుత్వము వద్ద నమోదై యుండవలెనని నిర్దేశించినది. ఆ నమోదు సంఖ్య చూపలేని వానికి పాస్‌పోర్టు ఇచ్చుట ఇంటి తాళపుచెవి ఇచ్చుటయే.

మన రెండు భాషల సంగతి ఒకటి చెప్పి సాగుదుము. తెలంగాణములో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికార భాషగా చేసినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో శాసనసభ అట్టి బిల్లునే ఆమోదించినది. ఉర్దూ, తెలుగు రెండును తప్పు లేకుండ వ్రాయగలవారు, ఒక దాని నుండి మరియొక దానికి మార్చగలవారు బహు కొద్దిమంది. మన విద్యార్థులు ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడుచు, అది ఒక శక్తి అని తలంపక, రెండింటిలోను వెనుకబడితిమని తలంచుచున్నారు. అనువాదకుల కొలువులు వేలకొలది ఉన్నవని మేము చెప్పుట లేదు. తన్ను తాను తెలిసికొను పట్టికలో ఈ పంక్తి కూడ వ్రాసికొనవలెనని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక ఈ మార్గదర్శనము ఎక్కడ దొరకును? మన దేశములో ఉపాధి కార్యాలయములు 1945లో, యుద్ధము నుండి మరలిన సైనికులకు పని చూపుటకై ఏర్పడినవి. దేశ విభజన పిదప నిర్వాసితులకు, ఆ తరువాత అందరికిని తెరువబడినవి. 1956లో వాని నిర్వహణ రాష్ట్రములకు అప్పగింపబడినది. రెండవ పంచవర్ష ప్రణాళిక కాలముననే వీనిలో వృత్తి మార్గదర్శనము ప్రవేశపెట్టబడినది. అనగా కార్డు నమోదు చేయుట ఒక్కటియే ఆ కార్యాలయపు పని కాదు. కార్డు కొరకు వెళ్ళు వేలమందిలో సలహా కొరకు కూర్చుండువారు ఎందరు? మేమును యాదృచ్ఛికముగానే కూర్చుంటిమి. 2015లో కేంద్ర ప్రభుత్వము జాతీయ కెరీర్ సేవను ఆరంభించి ఈ కార్యాలయములను దానితో ముడిపెట్టినది. ఉద్యోగార్థులకు అందు నమోదు ఉచితము. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి అను పాత పేరునకు బదులు కెరీర్ సెంటరు అను పేరునే వాడినది. పేరు మారుటతో పాటు కుర్చీలును పెరుగునని ఆశింతము.

పాఠశాలల సంగతి అడుగనక్కరలేదు. 1952-53 నాటి మొదలియారు కమిషనును, 1964-66 నాటి కొఠారి కమిషనును పాఠశాలలలో మార్గదర్శనము ఉండవలెనని గట్టిగా చెప్పినవి. మా విద్యార్థులను తరగతిలో చేతులెత్తుమని అడిగితిమి: పాఠశాలలో ఇట్టి సలహా పొందినవారు ఎవ్వరు? ఒక్క చేయి లేచినది. ఆ అమ్మాయికి సలహా చెప్పినది వాళ్ళ వ్యాయామ ఉపాధ్యాయిని.

ప్రైవేటు సలహాదారులున్నారు. వారిలో మంచివారును ఉన్నారు. మనస్తత్వ శాస్త్రములోనో, మార్గదర్శన విద్యలోనో శిక్షణ పొందినవారా అని అడుగుట అవమానింపు కాదు. శిక్షణ పొందినవారు సంతోషముగా చెప్పుదురు. రుసుము ముందుగా తెలిసికొనవలెను. గుర్తుపట్టుటకు తేలికయైన లక్షణమొకటి: ఎంతసేపు మాట్లాడినను చివరకు ఫలానా ఊరిలో ఫలానా కళాశాల దరఖాస్తు ఫారము మీ ముందు పెట్టు వానికి రుసుము మీరిచ్చుట లేదు, ఆ కళాశాల ఇచ్చుచున్నది. మంచి సలహాదారుడు ఎక్కువ అడుగును, తక్కువ చెప్పును. మొదటి కూర్చుండుటలోనే "నీవు ఇది చదువుము" అని తేల్చువాడు మా గుమ్మము సలహాకు రుసుము వసూలు చేయుచున్నాడన్నమాట.

మరియొక భేదమును గుర్తింపవలెను. దారి తోచక కలత చెందుట వేరు. నిద్ర పట్టక, అన్నము సహింపక, బ్రతుకు మీదనే విరక్తి పుట్టుట వేరు. రెండవది వృత్తి సలహాదారుని పని కాదు, వైద్యుని పని. 2022 అక్టోబరులో ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోను మాట్లాడవచ్చును. ఈ సంఖ్యను మా శాఖ తలుపు లోపలి వైపున అంటించితిమి. లోపలి వైపుననే ఎందుకనగా, బయట నిలిచి వ్రాసికొనుటకు పిల్లలు సిగ్గుపడుదురు.

పద్ధతి ప్రకారము నడచినచో అన్నియు అనుకొన్నట్లే జరుగునా? జరుగవు. అబ్దుల్ కలాం తిరుచిరాపల్లిలో భౌతికశాస్త్రము చదువుచు, చివరి సంవత్సరమునకు గాని అది తాను కోరిన మార్గము కాదని గ్రహింపలేదు. తరువాత మద్రాసులో విమాన సాంకేతిక విద్యలో చేరుటకు సోదరి జొహరా తన బంగారు గాజులు, గొలుసు కుదువబెట్టినది. వాయుసేనలో విమాన చోదకుడు కావలెనని డెహ్రాడూన్ వెళ్ళగా, ఇరువది యైదుగురిలో తొమ్మిదవ స్థానము వచ్చినది. ఉన్నవి ఎనిమిది ఖాళీలు. అక్కడ నుండి ఆయన నడచి ఋషీకేశము చేరి, స్వామి శివానందతో తన బాధ చెప్పుకొనినారు. 1958లో రక్షణ శాఖలో సాంకేతికోద్యోగమున చేరినారు. ఆ తరువాతి కథ అందరెరిగినది. మేము గమనింపుమనునది వేరొకటి: విఫలుడైన నాడు ఆయన ఒంటరిగా కూర్చుండలేదు, వెళ్ళి ఒకరి ఎదుట నోరు విప్పినారు.

మన భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని నెగ్గలేదు. సన్యసింపదలచి, తల్లి ఒప్పుకొనక, మద్రాసులో వైద్యము చదివినారు. అక్కడ పూర్తి పట్టా దక్కలేదు, దిగువ పట్టా దక్కినది. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించి, తుదకు బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేసికొనుచు చదివినారు. పార్సన్స్ తన కేంద్రమును నడిపిన ఊరును అదే, కాని అప్పటికి ఆయన గతించి చాలకాలమైనది. ఫోలిక్ ఆమ్లమును, బోదకాలు వ్యాధికి నేటికిని వాడు మందును ప్రపంచమునకు అందించిన పరిశోధనలకు సారథ్యము వహించినది ఆ సుబ్బారావుగారే. ఏ ప్రశ్నావళి ఆయనకు ఈ దారి చూపియుండును? అందుచేతనే ఇటీవలి శాస్త్రజ్ఞులలో జాన్ క్రంబోల్ట్జ్ వంటివారు, యాదృచ్ఛిక సంఘటనలను వినియోగించుకొను నేర్పు కూడ వృత్తి విద్యలో భాగమని చెప్పినారు. ఈ వాదము మాకు నచ్చినది. అయితే దీనిని సాకుగా తీసికొని "ఏదైతే అదవుతుంది" అని కూర్చుండువారికి సుబ్బారావుగారి రాత్రి పనిని జ్ఞాపకము చేయుదుము.

కొందరు విద్యార్థులు "ఇస్తిఖారా చేశాను సార్, ఏమీ తెలియలేదు" అందురు. పెద్దలు ఇస్తిఖారాతో పాటు మష్వరాను కూడ చెప్పినారు గదా. ప్రార్థన మానుమనుట మా అభిప్రాయము కాదు. దానితో పాటు తెలిసినవారిని అడుగుట కూడ జరుగవలెను. మన ఇండ్లలో మష్వరా అనగా మామూ, చిచ్చా, ఖాలూ కూర్చుండి తేల్చుట. ఎవరి వృత్తిని గూర్చి తేల్చుచున్నారో ఆ పిల్లవాడు టీ అందించుచుండును. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారము, 2001 జనాభా లెక్కలలో 20 సంవత్సరములు దాటిన వారిలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు దేశము మొత్తము మీద సుమారు 7 శాతము కాగా, ముస్లిములలో 4 శాతమునకు లోపు. అనగా ఆ మష్వరాలో కూర్చున్న పెద్దలలో కళాశాల మెట్లెక్కినవారు బహు అరుదు. వారి ప్రేమలో లోపము లేదు, వారికి అందిన సమాచారములో లోపము కలదు. అందుచేత విద్యార్థిని ఒక్కనినే పిలిచి సలహా చెప్పి పంపినచో సగము పనియే అగును. ఇంటివారిని కూడ కూర్చుండబెట్టవలెను.

ఈ సంవత్సరము మేము అట్లే చేసితిమి. బి.ఏ. చివరి సంవత్సరపు విద్యార్థిని ఒకతె మూడేండ్ల న్యాయశాస్త్ర కోర్సు చదువదలచినది. ఇంట సంబంధములు చూచుచున్నారు. అన్న లారీ తోలును. చెల్లెలు కోర్టు మెట్లెక్కుట అతనికి ఇష్టము లేదు. గుమ్మములోనే నిలబడి అడిగినది. ఈ సారి మేము సమాధానము చెప్పలేదు. లోపలికి పిలిచి, కూర్చుండబెట్టి, అడిగితిమి. ఆమె తమ వాడలోని స్త్రీలకు రేషను కార్డు, పింఛను, జనన ధ్రువపత్రముల దరఖాస్తులు మూడేండ్లుగా నింపి పెట్టుచున్నదని ఆ మాటలలో బయటపడినది. దానిని ఒక కాగితము మీద వ్రాసి, క్రింద గీత గీచి ఇచ్చితిమి. మరునాడు అమ్మీని వెంటబెట్టుకొని వచ్చినది. ఆ తల్లి ఒకే ప్రశ్న వేసినది: "చదివిస్తే, దీని పెళ్ళి ఆగిపోతుందా సార్?" ఆ ప్రశ్నకు మా వద్ద సిద్ధమైన సమాధానము లేదు. ఈ పట్టణపు కోర్టులో వకాల్తు నడుపుచున్న, ఇద్దరు బిడ్డల తల్లియైన ఒక న్యాయవాది ఇంటికి వారిద్దరిని పంపితిమి. ఏమి మాట్లాడుకొనిరో మేమడుగలేదు. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసినట్లు మాత్రము తెలిసినది. అన్న ఇంకను ఒప్పుకొనలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మేము భవనము కోరుట లేదు. తలుపు మూసికొనుటకు వీలైన ఒక గది కావలెను. పది మంది ఉపన్యాసకులు కూర్చున్న గదిలో ఏ విద్యార్థియు తన ఇంటి అప్పును గూర్చి చెప్పడు, ఏ విద్యార్థినియు తన పెళ్ళిని గూర్చి చెప్పదు. 1976 నుండి వెలువడుచున్న ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రికను, వీలైనచో దాని ఉర్దూ ప్రతిని కూడ, గ్రంథాలయమునకు తెప్పింపవలెను. మాలో ఒకరిని మార్గదర్శన విద్యలో శిక్షణకు పంపవలెను. ఆ ఒకరు మేమే కావలెనని లేదు. స్త్రీ అయినచో మరింత మేలు, మన విద్యార్థులలో సగము మందికి పైగా అమ్మాయిలే గదా.

అంతవరకు తెలుగు శాఖలో ప్రతి గురువారము మూడు గంటల తరువాత మేము కూర్చుందుము. వచ్చువారు గడచిన ఏడు దినములలో ఉదయము నుండి రాత్రి వరకు ఏమేమి చేసినదియు, దాచకుండ, ఒక కాగితము మీద వ్రాసి తేవలెను. ఉర్దూలో వ్రాసినను సరే. దుకాణములో కూర్చుండుట, తమ్మునికి లెక్కలు చెప్పుట, బండి బాగుచేయుట, చూచిన సినిమా, అన్నియు వ్రాయవలెను. గుమ్మములో నిలబడవద్దు, కుర్చీలు రెండు అదనముగా వేయించితిమి, ఇంటివారు వచ్చినచో కూర్చుండుటకు.